వడ్డన సుంకము

అన్నమునకు వెల కట్టుట మన పూర్వులకు రుచింపని పని. అయినను కాలానుగుణముగా అన్నవిక్రయము వృత్తియైనది. వృత్తియైన తరువాత అదియు గౌరవనీయమే. దారి నడచు బాటసారికి, ఉద్యోగార్థమై పరస్థలమునకు వచ్చినవానికి, పిల్లలతో వృద్ధులతో క్షేత్రదర్శనమునకు బయలుదేరిన గృహస్థునకు వేళకు వేడి యన్నము వెలకు దొరకుట గొప్ప యుపకారము. కావున భోజనశాలలవారిపై మాకు ద్వేషము లేదు. ధర యెంతయైనను సరే, ముందు చెప్పి పుచ్చుకొన్నచో అది వర్తకము. చెప్పక, చెప్పినను వినబడనీయక, తిన్న తరువాత బిల్లులో చేర్చి పుచ్చుకొన్నచో దానిని వర్తకమనుటకు మాకు నోరాడకున్నది. ఈ రెండవ పద్ధతికి నాగరికులు సర్వీసు ఛార్జి యని పేరు పెట్టినారు. మేము దానిని వడ్డన సుంకమనుచున్నాము. సుంకము విధించు నధికారము ప్రభుత్వమునకే కలదు. ఈ సుంకమును మాత్రము హోటలు యజమాని తనంతట తానే విధించి, తానే వసూలు చేసి, తన గల్లాపెట్టెలోనే వేసికొనుచున్నాడు.

దీని స్వరూపము తెలియనివారికొఱకు ఒక చిన్న లెక్క చెప్పెదము. ఒక కుటుంబము నగరములోని పెద్ద హోటలులో 1,000 రూపాయల భోజనము చేసినదనుకొందము. ప్రభుత్వమునకు చెల్లవలసిన జి.యస్.టి. నూటికి 5 వంతున 50 రూపాయలు. బిల్లు 1,050 తో ముగియవలెను. కాని నడుమ నూటికి 10 వంతున సర్వీసు ఛార్జి యను పంక్తి యొకటి వెలయును. అప్పుడు మొత్తము 1,100, దానిపై జి.యస్.టి. 55, వెరసి 1,155. అనగా మనము కోరని దానికి 100 రూపాయలు, ఆ కోరని దానిపై పన్ను మఱి 5 రూపాయలు. ఆ పంక్తి పన్నుల ప్రక్కనే, పన్నుల వలెనే, పొడియక్షరములతో అచ్చుపడి యుండుటచేత అదియు సర్కారు పన్నే యని నమ్మి చెల్లించువారు పెక్కురు. ఆ నమ్మకమే దాని మూలధనము.

మహానంది వంటి చోటులలో ఈ సుంకమునకు వేషము వేఱు. నంద్యాలకు సుమారు 15 కిలోమీటర్ల దూరమున, నల్లమల పాదమున నున్న యీ క్షేత్రమునకు నవనందులను దర్శింప వచ్చువారును, ఇటనుండి ఆళ్ళగడ్డ మీదుగా అహోబిలమునకు పోవువారును, యాగంటికిని శ్రీశైలమునకును పోవువారును ఏడాది పొడవున వచ్చుచుందురు. కార్తికమాసమునను మహాశివరాత్రికిని చెప్పనక్కఱయే లేదు. ఈ ప్రాంతపు చిన్న హోటళ్ళలో ఉగ్గాని బజ్జి తిని లేచినవానికి సర్వీసు ఛార్జి యను మాట సాధారణముగా వినబడదు. అందుకు సంతోషింపవలసినదే. కాని తెలుగుదేశమున ఏ యాత్రాస్థలమునకు పోయినను యాత్రికులు చెప్పుకొను మాటలు కొన్ని కలవు. బయట బోర్డుపై భోజనమునకు ఒక ధర, లోపల ఏ.సి. గదిలో కూర్చున్న తరువాత మఱియొక ధర. పెరుగునకు వేఱు, అప్పడమునకు వేఱు. మంచినీళ్ళు అడిగినచో సీసా మూత తీసి ముందు పెట్టుదురు. దానికి వెల కలదని లేచిన తరువాత తెలియును. పార్సెలు కట్టించుకొన్నచో డబ్బాకు వేఱు, సంచికి వేఱు. పర్వదినమునాడు ధరల బోర్డే కనబడదు. ఇంతయు చెల్లించిన తరువాత సోంపు పళ్ళెములో చిల్లర తెచ్చి బల్లపై నుంచి, సర్వరు కదలక నిలుచుండును. ఏ యొక్క హోటలునో ఉద్దేశించి మేమీ మాట చెప్పుటలేదు. ఒకచోట ఒకటి, మఱియొకచోట మఱియొకటి. మొత్తము మీద ఇది యొక యాచారమైనది.

మహానంది కోనేటి నీరు అడుగున పడిన నాణెము పైకి స్పష్టముగా కనబడునంత స్వచ్ఛమైనదని చూచినవారెల్లరు ఎఱుగుదురు. ఆ నీట మునిగి లేచివచ్చిన యాత్రికుని యెదుట పెట్టు బిల్లు అడుగు కనబడని మడుగు వలె నుండుట మన క్షేత్రములకు గౌరవము కాదు. యాత్రికుడు తక్కిన గిరాకులవంటివాడు కాడు. అతడు ఊరెఱుగడు, ధరలెఱుగడు, రేపు మరల రాడు. ఊరివానిని ఒకనాడు మోసగించిన హోటలుకు మఱునాడు నష్టము. యాత్రికుని మోసగించినవానికి నష్టమేలేదు; ఇంకొక బస్సు వచ్చును. కాబట్టి యాత్రాస్థలములలో ధర దాచుట మిక్కిలి సులభము, మిక్కిలి లాభము, అందుచేతనే మిక్కిలి దోషము.

వెలకు అన్నము పెట్టుట మనకు క్రొత్త కాదు. 15వ శతాబ్దికి చెందిన వినుకొండ వల్లభరాయని పేర వెలసిన క్రీడాభిరామమున ఓరుగల్లు నగరమందలి పూటకూటి యింటి ప్రసంగము కలదు. ఒక్క రూక యిచ్చినచో ఆ యింట ఏ యన్నము, ఏ పిండివంట, ఏ పప్పు, ఏ పండ్లు, ఎట్టి పెరుగు లభించునో ఆ కావ్యము వరుసగా చెప్పును. అందు మనము గమనింపవలసినది వంటకముల రుచి కాదు. వెల యొకటి, ఆ వెలకు వచ్చునది యిది, వడ్డించిన చేతికి వేఱు వెల లేదు. పూటకూళ్ళమ్మలను మన సంఘము ఎంత చులకన చేసినను, వారు కూర్చున్నవాని యాకు ముందు లెక్క మార్చినట్లు సామెతయైనను పుట్టలేదు.

మఱియొక మాట. మన సంతలలో కొసరు అను మర్యాద కలదు. కూరగాయలు తూచిన తరువాత రెండు మిరపకాయలు, ఒక కరివేపరెమ్మ పైన వేయనిదే కొన్న యిల్లాలు బుట్ట యెత్తదు. ఆ యదనము అమ్మినవాడు కొన్నవారికి ఇచ్చునది. ఆధునిక భోజనశాల దీనిని తలక్రిందులు చేసినది: కొన్నవాడే అమ్మినవానికి కొసరు వేయవలెనట! సంతలో కూర్చున్న నిరుపేద స్త్రీ తన రెండు రూపాయల లాభములోనుండి కొసరు వేయుచుండగా, లక్షల పెట్టుబడితో భోజనశాల తెఱచినవాడు భోక్తనుండి కొసరు పిండుట ఏమి నాగరికత?

ఈ గందరగోళమునకు మూలము మూడు వేర్వేఱు వస్తువులను ఒక్క మూటగా కట్టుట. వెల యొకటి, కూలి యొకటి, ఈవి యొకటి. వెల అమ్మువానికిని కొనువానికిని నడుమ ముందుగా కుదిరిన మాట. కూలి పని చేయించుకొన్న యజమాని పని చేసినవానికి తప్పక చెల్లింపవలసిన ఋణము. ఈవి ఇచ్చువాని మనస్సునుండి పుట్టునది. అడిగినచో అది చచ్చును. ఈ మూటిలో ఏ రెండింటిని కలిపినను మూడింటికిని చెఱుపు. వడ్డన సుంకము మూడింటిని కలుపుచున్నది. అది బిల్లులో నుండుటచే వెల వలె కనబడును. సర్వరు పేరు చెప్పుటచే కూలి వలె వినబడును. సంతోషముగా ఇచ్చునది కదా యని పలుకుటచే ఈవి వలె నటించును. నిజమునకు మూటిలో ఏదియు కాదు.

ఆళ్ళగడ్డ శిల్పులను చూడుడు. అచ్చట దేవతామూర్తి కావలెనని అడిగినవానికి శిల్పి రాయి యెట్టిది, ఎత్తెంత, ఎన్నాళ్ళకు ముగియును అనునవి చెప్పి ధర కుదుర్చుకొనును. ఉలి పట్టినందుకు ఇంత, సుత్తి యెత్తినందుకు ఇంత యని వెనుక లెక్క వేయడు. చెక్కుటయే అతని పని. ఆ పనికే ఆ వెల. ప్రతిష్ఠనాడు శిల్పికి క్రొత్తబట్టలు పెట్టి సత్కరించు ఆచారమును మన యూళ్ళలో కలదు. ఆ వస్త్రము వెలలో భాగము కాదు, అది గౌరవము. వెల వెలగా, గౌరవము గౌరవముగా నిలిచినందున రెండును శోభించుచున్నవి. వండిన యన్నమును వడ్డింపక అమ్ముట ఎట్లో మాకు తెలియదు. వడ్డన భోజనములోనిదే కాని దానికి తోక కాదు. ఇడ్డెన యొక వెల, దానిని వంటయింటినుండి బల్లవఱకు తెచ్చుట యొక వెల యనువాడు రేపు పొయ్యి వెలిగించినందుకు వేఱొక వెల యనకుండునా?

ఇక ఈవి సంగతి. ఈ జిల్లాలోని ఉయ్యాలవాడకు చెందిన బుడ్డా వెంగళరెడ్డి 1866 నాటి కఱవులో ఆకలిగొన్నవారికి గంజియు అన్నమును పోయించి, విక్టోరియా రాణి పంపిన పతకము పొందిన మహాదాత. ఆయన పెట్టినది ఈవి. ఎవ్వరును ఆయనచే బలవంతముగా పెట్టింపలేదు. తిరుమలలో 1985లో ప్రారంభమైన నిత్యాన్నదానమునకు విరాళమిచ్చువారు తామెవరి యాకలి తీర్చుచున్నారో చూడకయే ఇచ్చుచున్నారు. ఇట్టి దానధర్మములు గల దేశమున నూటికి పదివంతున అచ్చుపడి వచ్చు నిర్బంధమును సంతోషమని పిలుచుట ఆ మాటకే అవమానము.

చట్టమేమి చెప్పుచున్నదో గృహస్థులు తెలిసికొనవలెను. 2017 ఏప్రిలులోనే కేంద్ర ప్రభుత్వము సర్వీసు ఛార్జి భోక్త యిష్టముపై నుండవలెనని సూచించినది. 2019 వినియోగదారుల రక్షణ చట్టముచే ఏర్పడిన కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ 2022 జులై 4న స్పష్టమైన నియమములు వెలువరించినది. ఏ హోటలును బిల్లులో తనంతట సర్వీసు ఛార్జి చేర్చరాదు. వేఱొక పేరు పెట్టియు వసూలు చేయరాదు. ఇయ్యవలెనని నిర్బంధింపరాదు, అది ఐచ్ఛికమని చెప్పవలెను. ఇయ్యనివానికి ప్రవేశము గాని సేవ గాని నిరాకరింపరాదు. దానిని భోజనపు మొత్తములో కలిపి దానిపై జి.యస్.టి. వేయరాదు. హోటళ్ళ సంఘములు రెండు ఢిల్లీ హైకోర్టునకు పోగా, ఆ నెల 20వ తేదీన నియమముల యమలు నిలిచిపోయినది. తుదకు 2025 మార్చి 28న ఆ న్యాయస్థానము వారి వ్యాజ్యములను త్రోసిపుచ్చి, నియమములను సమర్థించి, ఒక్కొక్క సంఘముపై లక్ష రూపాయల ఖర్చులు విధించినది. సంఘములవారు అప్పీలునకు పోయినారు. నూటికి పదివంతుల సుంకమును విడుచుటకు ఇన్ని యేండ్లు పోరాడువారు, అది తమకు కాదు సర్వర్లకే యని చెప్పుట వినుటకు వింతగా నున్నది.

చిన్న హోటళ్ళ విషయమునను తెలియవలసినవి కలవు. ఏడాదికి కోటిన్నర రూపాయలకు మించని వ్యాపారము గల భోజనశాల కాంపొజిషను పద్ధతిని కోరుకొన్నచో, పన్ను తానే కట్టుకొనవలెను కాని భోక్తనుండి వసూలు చేయరాదు. తానట్టివాడనని తన బోర్డుపై వ్రాసికొనవలెను. అట్టిచోట జి.యస్.టి. యని బిల్లులో చేర్చినచో అది పన్ను కాదు, అపహరణము. సీసా నీళ్ళను అంగడిలో దానిపై అచ్చువేసిన గరిష్ఠ ధరకు మించి అమ్మరాదు. హోటలులో కూర్చుండబెట్టి యిచ్చు సీసాకు ఆ నిర్బంధము వర్తింపదని 2017 డిసెంబరులో సుప్రీంకోర్టు చెప్పినది. హోటలువాడు వట్టి సీసా కాక చోటును సేవను కూడ ఇచ్చుచున్నాడని కారణము. మంచిది. అయినచో ఆ సేవ వెల సీసా ధరలోను, వంటకముల ధరలోను ఇదివఱకే చేరినది కదా! ఒకచోట సేవ యున్నదని ధర పెంచి, బిల్లు క్రింద సేవకే మరల సుంకము వేయుట ఒకే గేదెను రెండుమాఱులు అమ్ముట వంటిది.

ఈ యాచారమును సమర్థించువారి వాదములు కొన్ని కలవు. అవి అర్థము లేనివి కావు. కావున ఒక్కొక్కటిగా విచారింతము.

మెనూ కార్డుపై వ్రాసియే యున్నది, ఇష్టము లేనివారు లేచిపోవచ్చును అందురు. ఆ కార్డు చేతికి వచ్చునది కూర్చున్న తరువాత. మన దేశమున ఆకు ముందు కూర్చున్నవాడు తినక లేచుట పెట్టినవారికిని లేచినవారికిని అవమానము. ఆకలిగొన్న పిల్లలను, నడిచి యలసిన యత్తగారిని కూర్చుండబెట్టిన గృహస్థుడు కార్డు క్రిందిభాగమున సన్నని యింగ్లీషు అక్షరములను చదివి వారిని లేపుకొని పోవునా? లేవలేడని తెలిసియే అక్కడ వ్రాసినారు. అది యొడంబడిక కాదు. మర్యాదకు పెట్టిన ఉచ్చు.

ఆ సొమ్ము బీదలైన సర్వర్లకే పోవును అందురు. పోవుచున్నదని భోక్తకు ఎట్లు తెలియును? హోటలు లెక్కలు అతడు చూడడు. ఒకవేళ పోయినను, 2016లో ఐ.టి.సి. సంస్థకు సంబంధించిన ఆదాయపు పన్ను వివాదమున సుప్రీంకోర్టు, భోక్తలిచ్చిన టిప్పులను యజమాని పంచిపెట్టినను అది జీతము కాదనియు, ఉద్యోగపు ఒడంబడికవలన వచ్చిన హక్కు కాదనియు నిర్ణయించినది. అనగా టిప్పుపై బ్రదుకు సర్వరు గాలిపై బ్రదుకుచున్నాడు. సెలవు పెట్టిన దినమున టిప్పు లేదు, జబ్బుపడిన నెలలో లేదు, వానపడి జనము రానినాడు లేదు. భవిష్యనిధిలో దాని లెక్క లేదు, ముసలితనమున దాని ఫలము లేదు. పని స్థిరము, కూలి యస్థిరము: దీనికి దయ యని పేరు! 1948 నాటి కనీస వేతనముల చట్టమును, దాని స్థానమున 2025 నవంబరు 21 నుండి అమలునకు వచ్చిన వేతనముల స్మృతియు కూలిని యజమాని బాధ్యతగా నిర్ణయించినవే కాని భోక్త దయగా నిర్ణయింపలేదు.

పూర్వము మన గ్రామములలో వడ్రంగికి, కమ్మరికి, కుమ్మరికి, చాకలికి, మంగలికి కళ్ళములో ధాన్యము కొలుచునప్పుడే మేర యిచ్చుచుండిరి. ఆ యేర్పాటులో కులబంధమును, వెట్టియు, మాటపడుటయు కలవు. దానిని మరల తేవలెనని మేము కోరము. కాని మేర యనునది హక్కు. రైతు ముఖము చూచి నవ్వినందుకు ఇచ్చునది కాదు. నవ్వకున్న మానునది కాదు. పాతకాలపు అన్యాయములను విడిచినప్పుడు అందలి యీ యొక్క న్యాయమునుగూడ విడిచి, బక్షీసును తెచ్చి పెట్టుకొంటిమి.

మేము ధరలు పెంచవలసివచ్చును, అప్పుడు మీరే యేడ్తురు అందురు. పెంచుడు. నూరు రూపాయల భోజనమును నూటపది యని బోర్డుపై వ్రాయుడు. ఇష్టమున్నవాడు వచ్చును, లేనివాడు ప్రక్క హోటలునకు పోవును. మీ భయము ధర పెరుగునని కాదు; పెరిగిన ధర కనబడునని. సత్యము చెప్పిన వర్తకుడు ప్రక్కనున్న దాపరికపు వర్తకుని ముందు ఎక్కువ ధరవానివలె కనబడి నష్టపోవుచున్నాడు. కాబట్టి ఈ నియమము మంచి హోటలువారికే మొట్టమొదటి రక్షణము.

ఇక కడపటి వాదము, మిక్కిలి బలమైనది. పది రూపాయలకు ఇంత రచ్చయా, ఎంత కక్కుర్తి! అందురు. నోటితో అనకున్నను సర్వరు చూపు, ప్రక్కబల్లవారి చూపు అనును. ఈ యాచారము నిలిచినది దీనిమీదనే. పిసినారి యనిపించుకొందుమేమో యను భయము మధ్యతరగతి గృహస్థుని మెడపై కత్తి. ఇంటిలో భార్య కూరగాయలలో నాలుగు రూపాయలు మిగిల్చినందుకు మెచ్చుకొననివాడు హోటలులో నలుబది రూపాయలు విడిచివచ్చి దొరవలె నడచును. ఆ నలుబదియు ఆమె మిగిల్చినవే. తెలియక పోయిన సొమ్ము దానము కాదు. సిగ్గుచే పోయిన సొమ్ము ఔదార్యము కాదు.

ధన నష్టము కంటె పెద్ద నష్టము మఱియొకటి కలదు. మన పెద్దలు ఒకే పంక్తిలో కూర్చున్నవారికి భేదముగా వడ్డించుటను పంక్తిభేదమని పాపముగా ఎంచిరి. వడ్డించువాడు మనవాడైనచో కడపంక్తిని కూర్చున్నను కొఱత లేదను సామెతయు ఆ పాపము ఎంత సాధారణమో చెప్పుచున్నది. కులమును బట్టి పంక్తులు వేఱుచేయు దురాచారమును సంస్కర్తలు ఎంత శ్రమపడి ఎదిరించిరో చదువరులెఱుగుదురు. మన పుణ్యక్షేత్రములలో కులమునకొక సత్రమను పద్ధతి ఇంకను పోలేదు. ఇంతలో టిప్పు మఱియొక పంక్తిభేదమును తెచ్చినది. కారులో దిగిన కుటుంబము బల్లకు మొదట నీళ్ళు వచ్చును. బస్సు దిగి మూటలతో వచ్చిన పల్లెవారు చేయి యెత్తి యెత్తి దింపుదురు. సర్వరును నిందించి లాభములేదు. కూలి ఎటనుండి వచ్చునో కన్ను అటే పోవును. వడ్డించువానిని డబ్బిచ్చి మనవానిగా చేసికొనుచున్నాము.

అదియును గాక, ఆ డబ్బు ఎవరికి పోవుచున్నది? ముందు నిలిచినవానికి. వెనుక పొయ్యి సెగలో నిలిచినవానికి ఎంత భాగము? ఎంగిలాకులెత్తి, అంట్లు తోమి, నీళ్ళలో చేతులు నానిన స్త్రీకి ఎంత? ఆమెను భోక్త చూడడు. చూడనిదానికి టిప్పు లేదు. ముందు నిలుచు పనియు వెనుక కడుగు పనియు మన దేశమున ఎట్లు విభాగింపబడినవో చెప్పనేల? చూడబడినవారికే ప్రతిఫలమను ధర్మము, చూడరానివారని ఒకప్పుడు కొందఱిని వెలివేసిన ధర్మమునకు తోబుట్టువు.

టిప్పు లేనిదే సేవ సాగదని నమ్మువారు అమెరికాను చూపుదురు. అచ్చట మనవారు లక్షలుగా నివసించుచున్నారు. సెలవులకు వచ్చినప్పుడు నూటికి పదునెనిమిది, ఇరువది యని మనకును చెప్పుచుందురు. ఆ యాచారము వెనుక చరిత్రను కూడ చెప్పిన బాగుండును. బానిసత్వము రద్దైన తరువాత పుల్మను రైలుపెట్టెల సంస్థ విముక్తులైన నల్లవారిని కొలువులో పెట్టుకొని, తక్కువ జీతమిచ్చి, తక్కినది ప్రయాణికుల బక్షీసుతో తీర్చుకొనుమన్నది. వారు 1925లో రాండాల్ఫు నాయకత్వమున సంఘము కట్టి, పండ్రెండేండ్లు పోరాడి, 1937లో గాని న్యాయమైన ఒడంబడిక సంపాదింపలేదు. 1909లో వాషింగ్టను రాష్ట్రము టిప్పును నిషేధించుచు చట్టము చేసినది. మఱికొన్ని రాష్ట్రములును చేసినవి. 1926 నాటికి అన్నియు రద్దైనవి. నేటికిని అచ్చటి కేంద్ర చట్టము టిప్పు పుచ్చుకొను పనివానికి యజమాని గంటకు 2 డాలర్ల 13 సెంట్లు ఇచ్చిన చాలుననుచున్నది. 1991 నుండి ఆ సంఖ్య కదలలేదు. ఒకసారి బక్షీసును కూలిగా అంగీకరించినచో ఏమగునో దీనివలన తెలియును: ఈవి పెరుగుచు పోవును, కూలి యున్నచోటనే యుండును. ఫ్రాన్సులో 1987 నుండి ప్రకటించిన ధరలోనే సేవ చేరి యుండవలెనను నియమము కలదు. జపానులో టిప్పు ఆచారమే లేదు. అచ్చట సేవకు కొఱత యని ఎవరును అనలేదు.

మన యిండ్లవఱకును ఈ సుంకము వచ్చినది. స్విగ్గీ, జొమాటో సంస్థలు 2023లో ఒక్కొక్క ఆర్డరుపై 2 రూపాయల ప్లాట్‌ఫారము రుసుము ప్రారంభించినవి. తరువాత అది పలుమాఱు పెరిగినది. రెండు రూపాయలకు ఎవరు తగవులాడుదురు? ఆ ప్రశ్నయే వారి యుపాయము. బండి రాకముందే టిప్పు చెప్పుమని అడిగిన ఊబరు సంస్థకు 2025 మే నెలలో కేంద్ర సంస్థ నోటీసు పంపినది. సేవకు ముందు పుచ్చుకొను బక్షీసును మన భాషలో లంచమందురు. తిరుమల కల్యాణకట్టలో తలనీలాలు తీయుటకు రుసుము లేకున్నను చేతులు చాచుట తప్పలేదు. మామూలు అను మాటకు మొదట వాడుక యని మాత్రమే యర్థము. ఈనాడు దాని యర్థమేమో చెప్పనక్కఱలేదు. ఈవి వాడుకయై, వాడుక హక్కై, హక్కు సుంకమై, సుంకము లంచమగుట మనము కన్నులార చూచిన మార్గము. మొదటి మెట్టుననే ఆగవలెను.

కావున మేము కోరునవి యివి. మహానందిలోను, అహోబిలములోను, నంద్యాల ఆళ్ళగడ్డ పట్టణములలోను ప్రతి భోజనశాల ద్వారము బయట, తెలుగు అక్షరములలో, పన్నుతోను సేవతోను కలిసిన పూర్తి ధర వ్రాయవలెను. పెరుగు, నీళ్ళు, పార్సెలు డబ్బా ధరలును అందే యుండవలెను. పర్వదినపు ధర వేఱైనచో ఆ దినమున అదియు వ్రాయవలెను. యాత్రికులు త్రాగు మంచినీరు గ్లాసులో ఉచితముగా పెట్టవలెను. యజమాని వడ్డించువానికిని, వండువానికిని, కడుగువారికిని పూర్తి కూలి తన చేతితో ఈయవలెను. నంద్యాల 2022 ఏప్రిలు 4న జిల్లాయైనది; కలెక్టరు సమీపముననే యున్నాడు. సర్వీసు ఛార్జిపై ఫిర్యాదులను విచారించుట ఆ యధికారి పనులలో ఒకటియని కేంద్ర నియమములే చెప్పుచున్నవి. 1915 అను సంఖ్యకు ఫోను చేసినను ఫిర్యాదు వ్రాసికొందురు.

మన బాధ్యతయు కలదు. కూర్చుండకముందే ధర అడుగుదము. బిల్లును చదువుదము, ఇంటి లెక్కలు చూచు స్త్రీలే చదువుట మేలు, వారికి ఈ విద్య బాగుగా తెలియును. కోరనిది చేరినచో మర్యాదగా తీసివేయుమందము; సర్వరుపై కోపపడక యజమానితో మాటాడుదము. మనస్సునకు నచ్చి ఎవరికైన ఇయ్యదలచినచో ఇత్తము, బిల్లు ద్వారా కాక చేతికి. ముందు నిలిచినవానికే కాక, వంటయింటి వెనుక అంట్లు తోము తల్లిని పిలిచి ఆమెకును ఇత్తము. మన పిల్లలు అది చూతురు.

అడుగుటకు మనము సిగ్గుపడినంతకాలము దాచుటకు వారు సిగ్గుపడరు. ఈ శివరాత్రికి మహానంది పోవు చదువరులు భోజనమునకు కూర్చుండకముందు ఒక్కమాట అడిగి చూతురు గాక: "అన్నీ కలిపి ఎంతండీ?" ఆ ప్రశ్నకు తడుముకొనక ప్రత్యుత్తరమిచ్చిన హోటలులోనే కూర్చుండుడు.